మాట్లాడే వేషం

తిరుపతి ఉత్తర మాడ వీధిలో కోమలవల్లికి ఒక పేరుంది. ఏదైనా సంబంధం మంచిదో కాదో ఆమె పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోదు. ఆ ఇంటి పిల్లలు ఆడుకుంటుంటే పక్కన కూర్చుని వింటుంది. ఇటుక ముక్కల పొయ్యి మీద మట్టి అన్నమూ ఆకుల కూరా వండుకుంటూ ఐదేళ్ళ పిల్లలు మొగుడూ పెళ్ళాలుగా మాట్లాడుకునే మాటలు ఒక్క గంట వింటే చాలు, ఆ ఇంట్లో కోడలు ఎన్ని గంటలకు లేస్తుందో, వారానికి ఎన్నిసార్లు ఏడుస్తుందో చెప్పేస్తుందని వీధంతా నమ్మకం.

ఈ విద్య ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇరవై రెండో ఏట మొగుడు పోయాడు. ఆ తర్వాత బంధువుల ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా, ఎదురుపడితే మంచిది కాదని ఆమెను పెరట్లోకి పంపేవారు. అల్లరి చేస్తారని పిల్లలనూ పెరట్లోకే తోలేవారు. ముందు గదిలో పెద్దవాళ్ళు ఒకరినొకరు పొగుడుకుంటుంటే, పెరట్లో పిల్లలు ఇంట్లో జరిగేది జరిగినట్టు ఆడేవారు. ముప్పై ఏళ్ళు అలా వింటే ఎవరికైనా ఆ మాత్రం తెలివి వస్తుందని కోమలవల్లి అనేది. ఇంకెవరికీ రాలేదంటే, ఇంకెవరూ అంతకాలం పెరట్లో కూర్చోలేదు మరి.

మొదట్లో ఆమె మాట ఎవరూ లెక్కచేయలేదు. పుత్తూరులో ఒక ఇంటి పిల్లల ఆటలో అత్త వేషం వేసిన పిల్ల, మట్టి బియ్యం ఉన్న కొబ్బరిచిప్పకు తాళం వేసినట్టు నటించి తాళంచెవి బొడ్లో దోపుకుంది. 'ఈ ఇంట్లో కోడలికి కడుపునిండా పెట్టరు' అంది కోమలవల్లి. పెళ్ళికొడుకుది రెవెన్యూ ఉద్యోగం కాబట్టి పెళ్ళి జరిగిపోయింది. ఆర్నెల్లకు ఆ పిల్ల ఎముకల గూడై పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటినుంచి లెక్కచేశారు.

ఒకసారి మాత్రం ఆమె తప్పు చేసింది. సూళ్ళూరుపేటలో ఒక ఇంటి పిల్లల ఆట చూసి, ఇంత చల్లని సంసారం ఎక్కడా చూడలేదని మెచ్చుకుంది. తీరా చూస్తే ఆ పిల్లలు పక్కింటివాళ్ళు. పక్కింట్లో పెళ్ళికొడుకు లేడు. అప్పటినుంచి ముందుగా 'మీది ఏ ఇల్లు నాయనా' అని అడిగి, ఆ తర్వాతే కూర్చునేది.

వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై నాలుగులో ఆమె సొంత మేనకోడలి సంగతి వచ్చింది. తమ్ముడు దేవనాథన్ దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. అతని కూతురు రంగనాయకికి పదిహేడు నిండాయి. రెండు సంబంధాలు జాతకాల దగ్గరే తప్పిపోయాయి. మూడోది చిత్తూరునుంచి వచ్చింది. పెళ్ళికొడుకు సంపత్కుమార్ అక్కడ హైస్కూల్లో పంతులు, అన్నావదినల దగ్గర ఉంటాడు. జాతకాలు కుదిరాయి. ఇక ఇల్లు చూడాలి.

రంగనాయకిని పురిటి మంచం మీదినుంచి ఎత్తుకుని పెంచింది కోమలవల్లే. ఆ పిల్ల విషయంలో ఆమెకు ఒకే ఒక పట్టుదల. తాను కాపురం చేసిన ఇల్లులాంటి ఇంటికి ఈ పిల్ల వెళ్ళకూడదు.

ఆ ఇంట్లో ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, పస్తులుంచలేదు. అందుకే పుట్టింట్లో చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. మొగుడు ఆమెతో మాట్లాడలేదు, అంతే. కోపమేమీ కాదు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఆడవాళ్ళతో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నా, 'నీళ్ళు పెట్టమని చెప్పు' అని తల్లితో అనేవాడు. ఎనిమిదేళ్ళు అలా అన్నాడు. ఆయన చాలా మంచివాడని అందరూ అనేవారు. కోమలవల్లీ అలాగే అనుకునేది. అంతకంటే తెలుసుకునే అవకాశం ఆమెకు రాలేదు.

తమ్ముడు దేవనాథన్ కూడా మంచివాడే. వీధి అరుగు మీద కూర్చుంటే అతని నోరు మూతపడదు. యుద్ధం గురించి, చక్కెర రేషను గురించి, హిట్లరు చేసిన పొరపాట్ల గురించి గంటల కొద్దీ చెప్పగలడు. గడప దాటి లోపలికి వచ్చాడంటే మూగనోము. అతని భార్య వేదవల్లి అతని ముఖం చూసి, చెప్పులు విడిచిన తీరు చూసి, కండువా ఎక్కడ వేశాడో చూసి, 'ఆయనకు ఆకలిగా ఉండాది', 'ఆయనకు ఈ మాట నచ్చలేదు' అని ఇంటికంతా ప్రకటించేది. ఇరవై ఏళ్ళలో ఆమె ప్రకటన ఒక్కటి కూడా తప్పని అతను అనలేదు. అనాలంటే నోరు తెరవాలి కదా.

కోమలవల్లి పెళ్ళిచూపుల బృందంతో వెళ్ళే మనిషి కాదు. అందుకని అందరికంటే వారం ముందు, చిత్తూరులో ఏదో పని ఉన్నట్టు, తమ్ముడితో కలిసి బొగ్గు బస్సెక్కింది. యుద్ధం వచ్చి పెట్రోలు కరువయ్యాక బస్సులన్నీ వెనకాల ఒక పెద్ద కుంపటి తగిలించుకుని, దాని పొగతో నడుస్తున్నాయి. చంద్రగిరి దాటాక ఒక ఎత్తు దగ్గర కుంపటికి ఓపిక అయిపోయింది. మగవాళ్ళందరూ దిగి నెట్టారు. నెడుతూ దేవనాథన్ పక్కవాడికి జపాను సంగతి చెప్పాడు.

చిత్తూరులో సంపత్కుమార్ అన్న సుందరరాజు కోర్టులో గుమాస్తా. ఇల్లు చిన్నదే, శుభ్రంగా ఉంది. సుందరరాజు దేవనాథన్‌ను వీధి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఇద్దరూ క్షణంలో యుద్ధంలో పడిపోయారు. సుందరరాజు భార్య చంద్రకాంతమ్మ కోమలవల్లిని పెరట్లో వేపచెట్టు కింద పీట వేసి కూర్చోబెట్టింది. ఆమె ముఖంలో కొంచెం భయం కనిపించింది. కోమలవల్లి పేరు చిత్తూరు దాకా పాకిందన్నమాట.

పెరట్లో ముగ్గురు పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. ఆరేళ్ళ వరదుడు, ఐదేళ్ళ పద్మాసని ఈ ఇంటివాళ్ళు. మూడోది పక్క సందులో బండి తోలే శాంతయ్య కూతురు తాయి, దానికీ ఐదేళ్ళే. ముగ్గురికీ తలలు దువ్వి ఉన్నాయి. ముఖాలకు పౌడరు ఉంది. ఆడుకునే పిల్లల తల దువ్వి ఉండడం కోమలవల్లి ముప్పై ఏళ్ళలో చూడలేదు.

"ఆడుకోండి నాయనా," అని చెప్పి చంద్రకాంతమ్మ లోపలికి వెళ్ళింది. తలుపు పూర్తిగా మూయలేదు.

వరదుడు ఇటుకల గడప దగ్గరకు వచ్చి, ఆకాశం వైపు చూస్తూ ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"ఏమే, పొద్దున్నించీ పని చేసి అలసిపోయినావు. కాసేపు కూచో."

"మీరు ఆఫీసునించి అలసిపోయి వచ్చినారు. మీరే కూచోండి," అంది పద్మాసని.

"కాదు, నువ్వే కూచో."

"మీరే కూచోండి."

ఆ తర్వాత మాట ఇద్దరికీ గుర్తు రాలేదు. అలాగే నిలబడిపోయారు. తాయి కాసేపు ఓపిక పట్టింది.

"ఎవురో ఒకరు కూసోండి. మీరు కూసుంటేనే గదా నేను వచ్చేది," అంది.

వరదుడికి విసుగొచ్చింది. "నేను ఇట్లా ఆడను. నాయన ఇట్లా అనడు."

"అమ్మ చెప్పమనింది గదా. ముసిలామె పొయ్యేదాకా ఇట్లే ఆడల్లంట," అంది పద్మాసని.

కోమలవల్లి పీట మీద సర్దుకుని కూర్చుంది. "ముసిలామె సాయంత్రం దాకా పోదు. అంతసేపు మీరు ఇట్లా ఆడలేరు. మీకు ఎట్లా వస్తే అట్లా ఆడుకోండి. నేను మీ అమ్మకు చెప్పను."

పిల్లలు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వరదుడు దువ్విన తలను రెండు చేతులతో చెరిపేసుకున్నాడు. అప్పుడు అసలు ఆట మొదలైంది.

వరదుడు గోడకు ఆనుకుని కూర్చుని, పాత పేపరు ముక్క ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడి పని అంతే. నోరు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పద్మాసని కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసి, "కాఫీ," అని పక్కన పెట్టింది. వాడు తాగినట్టు చేసి చిప్పను ఎడమ పక్కన పెట్టాడు.

"అయ్యో, ఆయనకు కోపం వచ్చింది," అంది పద్మాసని.

"యాడ వచ్చింది? ఏమీ అనలేదే," అంది తాయి.

"లోటా ఎడం పక్క పెట్టినారు, చూడలేదా? కుడి పక్క పెడితే బాగుందని. ఎడం పక్క పెడితే చక్కెర తక్కువని. బోర్లించి పెడితే ఆ పొద్దుకు ఎవరూ పలకరించకూడదని."

"సక్కెర కావాలంటే సక్కెర కావాలని అడగొచ్చు గదా?"

"మొగవాళ్ళు ఇంట్లో మాట్లాడరు," అంది పద్మాసని. తెలియని పిల్లకు విడమరిచి చెప్పే ఓర్పు ఉంది ఆ గొంతులో. "నాయన అరుగు మీద మాట్లాడతాడు. కోర్టులో మాట్లాడతాడు. ఇంట్లో ఆయనకు ఏం కావాలో అమ్మ చెప్తుంది."

వరదుడు పేపరు వెనకనుంచి తల ఊపాడు. వేషంలో ఉన్నాడు కాబట్టి మాట్లాడలేడు.

తాయి నమ్మలేకపోయింది. "మా ఇంట్లో అట్లా కాదు. కూరలో ఉప్పు లేదని మా నాయన అరుస్తాడు. ఉప్పు తెచ్చి పడేసినావా అని మాయమ్మ అరుస్తాది. ఇద్దురూ అరిసినాక అన్నం తింటారు."

"మీ ఇంట్లో మొగవాళ్ళు మాట్లాడతారా?" అంది పద్మాసని జాలిగా. "మీ అమ్మకు ఎంత కష్టం."

ఆట సాగింది. పద్మాసని అన్నం వండింది, వడ్డించింది, ఊడ్చింది. ఊరికే చేయలేదు, మధ్యమధ్యలో మాట్లాడుతూనే ఉంది. ఆయనకు ఆకలి. ఆయనకు నిద్ర. ఆయన తిరుపతికి పోవాలనుకుంటున్నారు. ఆయనకు ఈ చీర నచ్చలేదు. ఐదేళ్ళ పిల్ల, అరగంటలో ఒక్కసారి కూడా 'నాకు' అనలేదు.

లోటా ఎటు పెడితే ఏమిటో కోమలవల్లికీ ఒకప్పుడు ఒక అత్తగారు నేర్పింది. ఊరు వేరు, లోటా భాష మాత్రం అదే. ఇక చూడడానికి ఏమీ లేదు. రంగనాయకిని ఈ ఇంటికి ఇవ్వకూడదు. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. లేచాక, చేసే పని సగంలో వదలకూడదని ఒక మాట అడిగింది.

"మీ ఇంట్లో చిన్నాయన కూడా ఉన్నాడు గదా. ఆయన వేషం ఎవరిది?"

"తాయిది," అంది పద్మాసని.

"తాయి ఆడపిల్ల గదమ్మా?"

"అందుకే తాయిది. చిన్నాయన వేషం ఆడపిల్లే వెయ్యల్ల. అది మాట్లాడే వేషం."

వరదుడు పేపరు దించాడు. ఈ విషయంలో వాడికి వేషం కంటే పరువు ముఖ్యమైంది. "చిన్నాయన అన్నం తిన్నాక, మీరు తిన్నారా వదినా అని అడుగుతాడు. ఆయన ఎంగిలాకు ఆయనే తీస్తాడు. నేను ఆ వేషం వెయ్యను."

కోమలవల్లి మళ్ళీ పీట మీద కూర్చుంది. "ఏదీ, ఒకసారి చిన్నాయన ఇంటికి వచ్చేది ఆడండి," అంది.

తాయి ఒక పుల్లను గొడుగులా చంకలో పెట్టుకుని వెళ్ళి, గోడ దగ్గరనుంచి తిరిగొచ్చింది. వస్తూనే మొదలుపెట్టింది.

"వదినా, వచ్చినా. ఈ పొద్దు పిలకాయలు నన్ను సంపినారు. ఒగడు లెక్కల పుస్తకం మేక తినిందంటాడు. నీకు తలనొప్పి తగ్గిందా? నీళ్ళు నేను తోడుకుంటాలే, నువ్వు లేవొద్దు. పొద్దున్నించీ ఏం సేసినావు?"

పద్మాసని చేతిలో చీపురు కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏం చేస్తాను నాయనా. నాకు పొద్దున్నించీ నడుం నొప్పి. కట్టెలు పచ్చివి, పొగకు నాకు కండ్లు మండిపోయినాయి. నాకు మా అమ్మను చూడాలని ఉండాది. ఎన్ని దినాలైంది చూసి. నాకు..."

ఆ 'నాకు'లు ఆగలేదు. అంతసేపూ ఆయన ఆకలీ ఆయన నిద్రా తప్ప ఇంకేమీ చెప్పని పిల్ల, అడిగే మనిషి రాగానే గంపెడు చెప్పింది. తాయి పక్కన కూలబడి, "ఊఁ," "ఆ పైన?" అంటూ విన్నది. వరదుడు ముఖం తిప్పుకుని గోడను చూస్తూ కూర్చున్నాడు.

తలుపు దడాలున తెరుచుకుంది. చంద్రకాంతమ్మ ముఖం కందగడ్డలా ఉంది. "ఏయ్, లేచి పోండి లోపలికి. ఏం ఆటలు ఇవి." తర్వాత కోమలవల్లి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోవద్దమ్మా. మా మరిది చిన్నప్పట్నించీ అంతే. ఇంట్లో కూడా మాట్లాడతాడు. వాళ్ళ అన్నగారు ఎంతో బాధ పడినారు. పెండ్లయితే ఆ అలవాటు పోతుందిలేమ్మా. బిడ్డకు ఏ ఇబ్బందీ ఉండదు."

ఆమె వెనకాల, కాళ్ళు కడుక్కోవడానికి వచ్చిన దేవనాథన్ చెంబుతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని అతని ముఖమే చెప్పింది.

సాయంత్రం బడి విడిచాక సంపత్కుమార్ వచ్చాడు. పొడుగాటి మనిషి, చేతుల నిండా సుద్దపొడి. అరుగు మీద ఉన్నవాళ్ళకు నమస్కారం చేసి, తిన్నగా పెరట్లోకి వచ్చాడు.

"పెరట్లో కూచోబెట్టినారే ఈమెను," అన్నాడు వదినతో. తర్వాత కోమలవల్లితో, ఆమె ముఖం చూసి, "లోపలికి రండి అమ్మా, ముందు గదిలో కూచుందురు," అన్నాడు.

శుభం మాట్లాడుకునే ఇంట్లో కోమలవల్లిని లోపలికి రమ్మన్నవాళ్ళు ముప్పై ఏళ్ళలో లేరు. "ఈడే బాగుండాది నాయనా," అంది.

అతను బావి గట్టు మీద కూర్చున్నాడు. "మీరు పెంచిన బిడ్డంట గదా. నన్ను ఏమైనా అడిగి రమ్మనిందా?"

"లేదు నాయనా." అబద్ధం చెప్పడం ఇష్టం లేక మళ్ళీ అంది. "దాన్ని మేము ఎవరమూ అడగలేదు."

"అడగండి. ఏమన్నా అడగాలనుకుంటే జాబు రాస్తా," అన్నాడు సంపత్కుమార్. అందులో వింతేమీ లేనట్టు లేచి నీళ్ళు తోడుకోవడానికి వెళ్ళాడు.

కోమలవల్లికి సిగ్గు వేసింది. ఇంతమంది ఇళ్ళల్లో ఇంతమంది పిల్లల మాటలు విన్నది, ఇంట్లో ఉన్న పిల్లను ఒక్క మాట అడగలేదు.

తిరుగు బస్సులో దేవనాథన్ చాలాసేపు కిటికీలోంచి చూశాడు. బస్సు ఇల్లు కాదు కాబట్టి చివరికి మాట్లాడాడు.

"ఆడపిల్ల వేసే వేషమంటక్కా. ఎంగిలాకు ఎత్తుతాడంట. ఆ మాట మా ఆఫీసులో పడిందంటే నేను తలెత్తుకోలేను."

"మంచి బిడ్డ రా," అంది కోమలవల్లి.

"మంచివాడే. మొగవాడు ఎట్లుండాలో అట్లుండల్ల గదా," అన్నాడు. అంతటితో అతని వైపునుంచి ఆ విషయం ముగిసింది.

కోమలవల్లికి మొగుడు పోయిన రోజు గుర్తొచ్చింది. ఆమె ఆ రోజు గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయం అందులో ఉందని ఎవరూ ఒప్పుకోరు. జ్వరం తలకెక్కి మూడు రోజులైంది. ఆమె ఆయన పాదాల దగ్గర కూర్చుని ఉంది. ఆయన కళ్ళు తెరిచి ఆమెనే చూశాడు. చాలాసేపు చూశాడు. ఇప్పుడు మాట్లాడతాడనుకుంది. ఆయన తల తిప్పి, తల వైపు కూర్చున్న తల్లితో, 'ఏడవొద్దని చెప్పు' అన్నాడు. అవే ఆఖరి మాటలు. తన కోసం అన్నవే, తనతో అన్నవి కావు. ఆ మాటల మీద ఆమెకు ఇప్పటికీ కోపమే. ఆ ఒక్క కోపం ఆమె ఎవరితోనూ పంచుకోలేదు.

ఇంటికి చేరగానే దేవనాథన్ కాళ్ళు కడుక్కుని, దేవుడి గూట్లో పసుపు పూసి పెట్టిన చిత్తూరు జాతకాన్ని తీసి, ఇనప్పెట్టెలో పెట్టి మూత వేశాడు. తప్పిపోయిన రెండు సంబంధాల జాతకాలూ అందులోనే ఉన్నాయి. వేదవల్లి చూసింది. వంటింట్లోకి వచ్చి, "ఆయనకు ఇష్టం లేదు," అని ప్రకటించింది. ఆ మాట పడగానే ఇంట్లో చిత్తూరు ఊసు ఆగిపోయింది.

దీపాలు పెట్టే ముందు కోమలవల్లి రంగనాయకిని బావి గట్టు దగ్గరకు పిలిచి, పిల్లల ఆట మొదటినుంచీ చెప్పింది. తాయి గొడుగు దగ్గర రంగనాయకి నవ్వింది. చిన్నాయన వేషం ఎందుకు ఆడపిల్లకిచ్చారో విన్నాక నవ్వడం మానేసింది.

"ఆయన్ని నువ్వు అడగాల్సింది ఏమైనా ఉండాదా?" అంది కోమలవల్లి.

"నేనా?"

"నువ్వే. అడగమన్నాడు."

రంగనాయకి చేతిలోని బావితాడు చివర విప్పి, మళ్ళీ ముడి వేసింది. ఇలాంటి ప్రశ్న ఎవరూ అడిగి ఉండకపోతే జవాబు వెతుక్కోవడానికి టైము పడుతుంది.

"నేను ఏమైనా చెప్తే, తిరిగి ఏమైనా అంటాడా అత్తా?"

"అంటాడు. కొంచెం ఎక్కువే అంటాడు."

"అట్లయితే నాకు ఇష్టమే," అంది రంగనాయకి. తర్వాత నేల చూసింది. "నాయనకు ఇష్టం లేదంట గదా."

"ఎవరు చెప్పినారు?"

"అమ్మ."

"అమ్మకు ఎవరు చెప్పినారు?"

రంగనాయకి తల ఎత్తి చూసింది. కోమలవల్లికి తన ప్రశ్న తన చెవిలోనే చాలాసేపు వినిపించింది.

మరుసటి రోజు పొద్దున దేవనాథన్ ఆఫీసుకు పోయే ముందు భోజనానికి కూర్చున్నాడు. వేదవల్లి వడ్డిస్తోంది. రంగనాయకి పెరటి గుమ్మంలో ఉంది. కోమలవల్లి వంటింటి గడప మీద వచ్చి కూర్చుంది.

"దేవా, చిత్తూరు సంబంధం నీకు వద్దా?"

దేవనాథన్ చారు కలుపుకున్నాడు.

"వద్దనుకుంటే నోరు తెరిచి చెప్పు. నాకు కాదు, నీ కూతురికి చెప్పు. అదిగో, ఆడ నిలబడి ఉండాది. దాని ముఖం చూసి, ఈ పిల్లవాడు నీకు వద్దమ్మా, ఇందుకని వద్దు, అని చెప్పు. చెప్పినావంటే నేను ఇంక ఈ ఊసు ఎత్తను."

దేవనాథన్ కూతురి వైపు చూశాడు. ఆ పిల్లను ఎత్తుకుని తిప్పినవాడే. జ్వరం వస్తే కొండకు మొక్కుకున్నవాడే. దానితో నేరుగా ఒక సంగతి మాట్లాడి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. ఆఫీసులో ఐతే ఈపాటికి పది కారణాలు చెప్పి ఉండేవాడు. ఇక్కడ ఒక్కటీ రాలేదు. నోరు మూసుకుంది. మజ్జిగ పోసుకున్నాడు. తిని, లేచి, చెయ్యి కడుక్కున్నాడు. కండువా భుజాన వేసుకుని నడవలోకి వెళ్ళి చెప్పుల కోసం చూశాడు.

అతను ఇంకా మాట వినబడే దూరంలో ఉండగానే కోమలవల్లి లేచింది. తర్వాత పెరట్లోకి వచ్చి, పక్కింటి గోడ దగ్గర గిన్నెలు తోముకుంటున్న భారతమ్మను గట్టిగా పిలిచింది. భారతమ్మ మొగుడు దేవనాథన్ ఆఫీసులో హెడ్ గుమాస్తా. అతనికి మధ్యాహ్నం క్యారియరుతో పాటు వార్తలు కూడా వెళ్తాయి.

"భారతమ్మా, మా రంగనాయకికి చిత్తూరు సంబంధం ఖాయమైంది. మా దేవనాథన్ సరే అన్నాడు."

"మంచిదమ్మా, మంచిది. పిల్లవాడు పంతులు గదా," అంది భారతమ్మ, చేతిలో గిన్నె వదిలేసి.

వేదవల్లి వంటింట్లోంచి గబగబా వచ్చింది. "వదినా, జాతకం ఇనప్పెట్టెలో పెట్టేసినారే ఆయన."

"ఎలుకలు కొడతాయని జాగ్రత్తగా పెట్టినాడు."

నడవలో చెప్పుల చప్పుడు ఆగింది. ఇంటి ఆడవాళ్ళు ముగ్గురూ అటు చూశారు. దేవనాథన్ వాళ్ళకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. కాదనాలంటే ఇప్పుడే అనాలి. కాదంటే, ఇన్నేళ్ళుగా తన పేరు మీద నడిచిన మాటల్లో ఏవి తనవి, ఏవి కావో కూడా తేలాలి. అతను అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో, నిలబడి ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. చివరికి గడప దాటి వీధిలోకి దిగాడు. దిగగానే ఎవరో పలకరించినట్టున్నారు, అతని గొంతు గట్టిగా వినిపించింది.

రంగనాయకి అత్త దగ్గరకు వచ్చింది. "నాయన నిజంగా సరే అన్నాడా అత్తా?"

"మీ నాయన ఈ ఇంట్లో చెప్పిన మాటలన్నీ ఎవరు చెప్పినారనుకున్నావు?" అంది కోమలవల్లి.

రంగనాయకి తల్లి వైపు తిరిగింది. వేదవల్లి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా మొగుడి ముఖంలో లేని మాటను ఆమె ఒక్కసారి కూడా ఈ ఇంట్లో చెప్పలేదు. చూసిందే చెప్పింది. ఆ మాట బంధువులకు నచ్చకపోయినా, తనకే నష్టమైనా అలాగే చెప్పింది. ఆమె కూతురి ముఖం చూసింది. ఎప్పుడూ మొగుడి ముఖం చూసినంత శ్రద్ధగా చూసింది.

"అన్నారు," అంది వేదవల్లి. "నేను గూడా విన్నాను."